మందున్నది

బాలమ్మ ఫోనులో ఎప్పుడూ ఒక్కతే మాట్లాడదు. ఆమెకు చెవి కొంచెం తక్కువ. అందుకని స్పీకరు పెట్టి, ఫోనును అరచేతిలో రొట్టెలా పట్టుకుని మాట్లాడుతుంది. అవతలివాళ్లు చెప్పేదంతా తండా మొత్తం వింటుంది. మధ్యలో మేకలు కూడా జవాబిస్తాయి.

బాలమ్మ భర్త కేసు విచారణకు ఒప్పుకున్న ప్రైవేటు డిటెక్టివ్ నీలా ఆ పొద్దున సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కి కూర్చుందో లేదో ఫోను మోగింది.

“రేపే గదమ్మా కోర్టు?”

“రేపే బాలమ్మా. బెయిలు ఇచ్చేది లేనిది రేపు తేలుతది.”

“మా ఆయన రాసిండమ్మా గ్రూపుల. గా దవా మంచిది గాదు, ఎవ్వరు గొర్లకు తాపొద్దని రాసిండు. నేను పక్కన్నే కూసోని ఉన్న. నాకు సదువు రాదు గని, ఆయన రాసుకుంట పైకి సదువుతడు. నా చెవులతోని ఇన్న.”

“నువ్వు విన్నవ్ అంటే జడ్జి వింటడా? రాసింది కనవడాలె.”

“రాసింది యాడికి పోతదమ్మా?” అంది బాలమ్మ. వెనక నుంచి ఎవరో ముసలాయన, “గదే అడుగు, రాసింది యాడికి పోతది?” అని వంత పాడాడు.

నీలా వెతుకుతున్నదీ అదే.

బాలమ్మ భర్త మంగ్త్యాది వాడపల్లి దగ్గర తండా. పది మేకలు, ముప్పై గొర్రెలు. వేములపల్లి గొర్రెలకాపరి ఈదయ్యతో చెరువు ఎండిన శిఖం నేలలో మేత దగ్గర అతనికి పాత తగాదా ఉంది. కిందటి నెల ఈదయ్య గొర్రెలు కడుపులో పురుగులకు వేసే నట్టల మందు తాగిన పూటే నురగలు కక్కి పడిపోయాయి. ఖాళీ సీసాల మూతుల కింద ఎర్రమట్టి జాజు గుర్తు కనిపించింది. మంగ్త్యా తన గొర్రెల మెడ మీద పెట్టేది అదే జాజు. ఇంకేం కావాలి? విషం కలిపి మనిషిని పెట్టి అమ్మించాడని కేసు రాసి మిర్యాలగూడ జైల్లో పెట్టారు.

మంగ్త్యా చెప్పేది ఒక్కటే. ఆ మందు చెడ్డదని ఈదయ్య గొర్రెలు చావడానికి ఎంతో ముందే గ్రూపులో రాశాడు, మిగిలిన సీసాలు మిర్యాలగూడ అంగడిలో ఎవరో కంపెనీ సారు వాపసు తీసుకుపోయాడు. ఆ సారు పేరు అతనికి తెలియదు. గ్రూపు పేరు ‘మేతా నీళ్లూ’. గొర్రెలు కాసేవాళ్లు ఆరేళ్లుగా నెట్‌లో మాట్లాడుకునే చోటు. అక్కడ రాసిన ప్రతి మాటా భద్రంగా ఉంటుందని మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో ఉంది. నీలా రెండు రోజులు కూర్చుని కిందటి మూడు నెలల్లో మొదలైన చర్చలన్నీ చదివింది. మంగ్త్యా రాసింది లేదు.

*

వేములపల్లి శివారులో ఈదయ్య దొడ్డి వెనక గొర్రెలను పూడ్చిన గుంత మీద సున్నం చల్లి ఉంది. కుక్కలు ఒక మూల తవ్వాయి. అక్కడి నుంచి వాసన వస్తోంది. నీలా గొర్రెల మధ్య పెరిగిన పిల్లే; ఆ వాసనను ఓర్చుకోగలదు. కానీ గుంత పక్కన కుర్చీ వేయించుకుని కాలు మీద కాలేసుకున్న మనిషి చేతిరుమాలుకు అత్తరు పూసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కుళ్లు మీద అత్తరు కలిసిన ఆ వాసన సోకని వైపుకు ఆమె జరిగి నిలబడింది.

“రాండ్రి మేడం, రాండ్రి,” అన్నాడు వీరేందర్. మందుల కంపెనీ తరఫున విచారణ చేస్తున్న ప్రైవేటు డిటెక్టివ్. పోలీసులకు కేసు కట్టి చేతిలో పెట్టింది అతని రిపోర్టే. “పెండ్లి సంబంధాల విచారణలు ఖతమైనయా? గొర్ల దాకా వచ్చిండ్రు?”

“పెండ్లికొడుకుల అబద్ధాలు ఇని ఇని యాష్టకొచ్చింది. గొర్లు అబద్ధం చెప్పవని వచ్చిన.”

“గొర్లు సచ్చినయ్ గద. ఇగ ఏం చెప్తయ్?” తన మాటకు తనే నవ్వాడు. పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న ఈదయ్య నవ్వలేదు. గుంత వైపు చూసి తల తిప్పుకున్నాడు.

నీలా అతని ముందు గొంతుక్కూర్చుంది. “పెద్దయ్యా, సీసలు ఎవరమ్మిండ్రు నీకు?”

“అంగట్ల ఒక పోరడు బిడ్డా. మూతికి తువ్వాల కట్టుకున్నడు. సగం ధర అన్నడు. ఆశ వడ్డ.” ఈదయ్య అరచేతితో నుదురు కొట్టుకున్నాడు. “మంగ్త్యా మనిషే అంటున్నరు. నాకైతే తెల్వది. మేత కాడ కొట్టుకున్నం, తిట్టుకున్నం. గని జీవాలకు విషం పెట్టేంత పాపం...”

“తాతా, జాజు సూసినంక గూడ గట్లనే అంటవా?” అని వీరేందర్ అడ్డం వచ్చాడు. “మేడం, ఊకె తిరిగి కాళ్లు నొప్పి చేసుకోకుండ్రి. రేపు బెయిలు రాదు.”

“మంగ్త్యాను మీరు అడిగిండ్రా సీసలు ఎట్ల వచ్చినయని?”

“నేనా? నేను ఆ మనిషిని సూడనే లేదు. కాగితాల మీద పేరు సూసిన, గంతే.”

నీలా కనురెప్ప వాల్చలేదు. “విచారణ చేసేటోళ్లు నిందితున్ని సూడలేదా?”

“సూసేదేముంది? తండవోళ్ల మొఖాలన్ని నాకు ఒక్క తీర్గనే కొడ్తయ్.”

ఈ మాట అంటూ అతను చాయ్ గ్లాసులో అడుగున మిగిలిన గుక్కను గుంత మీద విసిరాడు. సున్నం మీద నల్లటి చార పడింది. నీలాకు ఆ మనిషి ముందు నిలబడాలనిపించలేదు. దొడ్డి చుట్టూ ముళ్లకంప వెంట నడవసాగింది.

పోలీసులు సీసాలన్నీ పట్టుకుపోయామనుకున్నారు. కంప కింద ఒకటి మిగిలింది. పుల్లతో లాగి, పైట కొంగుతో పట్టుకుని వెలుతురులో తిప్పి చూసింది. మెడ మీద వేలితో పూసిన జాజు గుర్తు. అది మెడ మీంచి భుజం దాకా జారి, కంపెనీ కాగితం అంచు దగ్గర ఆగింది. ఆగలేదు. కాగితం మూల తడికి లేచి ఉంది. ఆ మూల కిందకు కూడా ఎరుపు పాకింది.

జాజు ముందు. కాగితం తర్వాత.

విషం కలిపినవాడు గుర్తు పెట్టుకున్నాడంటే సరే. ఆ గుర్తు మీద కొత్త కాగితం అంటించింది ఎవరు? నీలా సీసాను ఈదయ్యకు చూపించి, అడిగి, సంచిలో వేసుకుంది. వీరేందర్ దూరం నుంచి మూతి మీద ఎరుపే చూశాడు. “తీస్కపోండ్రి, తీస్కపోండ్రి. మాకే సాక్ష్యం,” అన్నాడు. బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ లేచాడు. “నేను మంగ్త్యా పెండ్లాం కాడికి పోతున్న. రాజీకొస్తే అందరికీ మంచిదని చెప్త.”

ఈదయ్య కోడలు కల్పన గేటు దాకా వచ్చి నీలా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, గ్రూపుల మంగ్త్యాది ఒక్కటే గాదు, మా మామది గూడ పోయింది. ఆయన చెప్తుంటే నేనే టైపు చేసిన.” ఫోనులో ఆ సందేశం ఫోటో తెరిచి చూపించింది. రాసిన రోజు పుట్టింటివాళ్లకు చూపించడానికి తీసుకున్న ఫోటో. ‘మా మందున్నది చెరువు కట్ట కింద. మేత బాగున్నది. రావాలనుకున్నోళ్లు రాండ్రి.’

“గిండ్ల తప్పేముందక్కా? దీన్నెందుకు తీసేసిండ్రు?”

నీలా రెండుసార్లు చదివింది. తప్పేమీ కనిపించలేదు. మేత కోసం పిలిచే మాటను చెరపాల్సిన అవసరం ఎవరికుంటుంది?

*

కోదాడలో మహేశ్వర్ ఇంట్లో అగరుబత్తి వాసన. ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాడు. ‘మేతా నీళ్లూ’ మొదలుపెట్టిందీ నడిపిస్తున్నదీ ఆయనే. నీలా చెప్పులు విప్పుతుండగానే ఆయన ముక్కుపుటాలు కదిలాయి. కుర్చీలో పాత పేపరు పరిచి, “కూర్చోండమ్మా” అన్నాడు. ఆమె నిలబడే ఉంది.

“సందేశాలు ఎందుకు పోతాయి సార్?”

“పోవడానికి వంద కారణాలుంటాయండి. రాసినవాళ్లే తీసేసుకుంటారు. అడ్డమైన ప్రకటన అనుకుని యంత్రమే పక్కన పడేస్తుంది. నాలుగేళ్ల కిందట పాత సైటు నుంచి కొత్తదానికి మారాం, అప్పుడు కొన్ని రాలిపోయాయి.”

“అప్పుడు రాలినవి పాతవి. నేను అడిగేది మొన్నమొన్నటివి.”

“మంగ్త్యా తనే తీసేసుకుని ఉండొచ్చు కదా?”

“ఆయన ఫోను పోలీసుల దగ్గరుంది. ఆయన జైల్లో ఉన్నడు.”

“అంతకు ముందు తీసేసి ఉండొచ్చు.”

“ఈదయ్య కూడా తీసేసుకున్నడా?”

మహేశ్వర్ కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడవాల్సిన మరక దాని మీద ఏమీ లేదు.

“మీ కంప్యూటర్లో ఒకసారి చూడొచ్చా?”

“చూడండి. అందరికీ కనిపించేదే మీకూ కనిపిస్తుంది. నేను దాచేదేముంది?”

నీలా పేపరు తీసి పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. వెతికే గడిలో ‘మేత’ అని కొట్టింది. వందల సందేశాలు. ‘రోగం’ అంది. మళ్లీ వందలు. గాలికుంటు, నీలినాలుక, దగ్గు, పారుడు, అన్నీ ఉన్నాయి. ‘మందు’ అని కొట్టింది.

ఏమీ దొరకలేదు.

అక్షరం తప్పు పడిందేమోనని మళ్లీ కొట్టింది. ఏమీ దొరకలేదు.

నీలా కుర్చీని ఆయన వైపు తిప్పింది. “గొర్లు కాసేటోళ్లు ఆరేళ్లు రోగాల గురించి మాట్లాడుకున్నరు. ఒక్కరు ఒక్కసారి గూడ మందు మాట అనలేదా సార్?”

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

అప్పుడు ఆమెకు కల్పన ఫోనులోని ఫోటో గుర్తొచ్చింది. “మీరు తెలుగు సారు గద. ఒక్కటి చెప్పండి. మంద, ఉన్నది. కలిపితే?”

ముప్పై ఏళ్ల అలవాటుకు ఆయన అడ్డం పడలేకపోయాడు. “మందున్నది. అకార సం...” అని ఆగిపోయాడు.

“అకార సంధి. ఈదయ్య తన మంద చెరువు కట్ట కింద ఉన్నదని రాసిండు. మనిషి చదివి తీసినట్టయితే దాన్ని ముట్టడు. ఎవరూ చదవలేదు. ‘మందు’ అని రెండక్షరాలు వెతికి, దొరికినయన్నీ ఒక్క దెబ్బకు చెరిపిండ్రు. ఆరేళ్ల మాటలు. ఏ రోగానికి ఏది తాపాలె, ఎంత తాపాలె, అన్నీ. అందుల అమాయకుని మేత ముచ్చట గూడ పోయింది.”

మహేశ్వర్ గొంతు తగ్గింది. “నన్ను అర్థం చేసుకోండమ్మా. కంపెనీ వాళ్లు నోటీసు పంపారు. వాళ్ల మందు పేరు గ్రూపులో కనిపిస్తే ఊరుకోబోమన్నారు. ఏది వాళ్ల మందో, ఏది కాదో ఒక్కొక్కటీ చదవడానికి ఓపిక ఎక్కడిది? మొత్తం తీసేశాను. రిటైరైన మనిషిని. పరువు నష్టం దావా వేస్తే ఇల్లమ్ముకోవాలి.”

“జైల్లో ఉన్న మనిషికి ఇల్లు లేదా సార్?”

అగరుబత్తి బూడిద రాలి పడింది. పొద్దున గుంత దగ్గర కూడా నీలాకు ఇంత అసహ్యం వేయలేదు. అక్కడ కుళ్లింది కుళ్లినట్టు కనిపించింది. ఇక్కడ తెల్లటి పంచె, వరసగా పుస్తకాలు, గోడ మీద సన్మాన పత్రం. వాటి మధ్య కూర్చుని ఈ మనిషి చేత్తో ఈగను తోలినట్టు ఆరేళ్ల మాటలను తోలేశాడు.

లేవబోయింది. అప్పుడు ఆయన అన్న మాట చెవిలో మళ్లీ మోగింది.

దావా.

కాదు. పొద్దున బాలమ్మ అన్నది వేరే మాట. ‘గా దవా మంచిది గాదు.’ తండాలో మందును మందు అనరు, దవా అంటారు. మంగ్త్యా రాసుకుంటూ పైకి చదివాడు, బాలమ్మ విన్నది అదే. అతను ‘మందు’ అని రాయనే లేదు!

నీలా మళ్లీ కూర్చుని ‘దవా’ అని కొట్టింది. దవాఖాన, దవాఖాన, దవాఖాన. వరసగా అవే. ఆమె విసుక్కోకుండా ఒక్కొక్కటి కిందకు జరిపింది. చివరి దాకా వెళ్లింది. అన్నిటికంటే అడుగున ఒక పాత చర్చ: ‘మా పొట్టేలు బొమ్మ సూడుండ్రి’. ఆరేళ్ల కిందట మంగ్త్యా గ్రూపులో చేరిన రోజు పెట్టింది. దాని కింద పదిమంది శుభాకాంక్షలు. వాటి కింద, ఏళ్లు దాటి, కిందటి నెలకు ముందు నెల తేదీతో ఒక సందేశం.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొత్త చర్చ ఎలా మొదలుపెట్టాలో అతనికి తెలియదు. మొదటిసారి ఎక్కడ రాయడం నేర్చుకున్నాడో అక్కడే, తన పొట్టేలు బొమ్మ కిందే రాశాడు. అందుకే ఆమె చదివిన మూడు నెలల చర్చల్లో అది లేదు. రాసిన మాట తండా మాట. అందుకే చెరిపినవాడికీ దొరకలేదు.

‘నట్టల దవా తాపితే మావి ఏడు గొర్లు సచ్చినయ్. గిది ఎవ్వరు తాపకుండ్రి. మిగిలిన సీసలకు జాజు పూసిన, తెల్వక ఎవలన్న తాపుతరని. కంపెనీ సారు మిర్యాలగూడ అంగట్ల వాపసు తీస్కున్నడు. పారబోస్త అన్నడు. ఒక్క సీస ఇయ్యలే. పశువుల దవాఖానల సూపెట్టనీకి ఇంట్ల పెట్టిన. సారు గీయనే.’

కింద ఒక ఫోటో. అంగడిలో అట్టపెట్టెను బండి మీద పెట్టుకుంటూ, ఫోను వైపు చూడకుండా ఎవరితోనో నవ్వుతున్న మనిషి. ముక్కు దగ్గర చేతిరుమాలు.

వీరేందర్.

కాగితాల మీద పేరు తప్ప మంగ్త్యాను చూడనే లేదన్నవాడు. ఎదురుపడితే మంగ్త్యా గుర్తుపడతాడు కాబట్టే జైలుకు పోయి చూడనివాడు. పారబోస్తానని తీసుకున్న సీసాలకు కొత్త కాగితాలు అంటించి అంగడిలో మళ్లీ అమ్మించాడు. కింద జాజు ఉందని కూడా పట్టించుకోలేదు. తర్వాత అదే జాజును మంగ్త్యా మెడకు చుట్టాడు. ఒక్క సీసా మంగ్త్యా ఇంట్లోనే మిగిలింది. దాని మీద కంపెనీ అంటించిన పాత కాగితమే ఉండాలి; చెడ్డ మందు వాళ్లదేననడానికి అదే సాక్ష్యం. అది పోలీసులకు దొరికితే తన మీదికే వస్తుందని భయపడి మంగ్త్యా జైల్లో కూడా దాని మాట ఎత్తలేదు.

నీలా సందేశాన్ని మూడోసారి చదివి, ఫోటో తీయడానికి సంచిలో ఫోను వెతికింది.

వెనక మహేశ్వర్ కుర్చీ కిర్రుమంది. “ఏం వెతికారు? మీరేం మాట కొట్టారమ్మా?” ఆయన ముఖం పాలిపోయింది. “కంపెనీ వాళ్లు నిర్వాహకుల్లో ఆయన పేరు కూడా చేర్చమన్నారు. చేర్చాను. ఇక్కడ ఎవరేం వెతికినా, ఏం తెరిచినా ఆయన ఫోనుకు తెలుస్తుంది.”

“ఆయన అంటే?”

“వీరేందర్ గారు.”

నీలా ఫోను ఎత్తి పట్టుకునేసరికి తెర ఒకసారి మినుక్కుమంది. పొట్టేలు ఉంది. శుభాకాంక్షలు ఉన్నాయి. వాటి కింద ఒకే ఒక్క గీత: ఈ సందేశం లేదు.

వాళ్లు వారాలు వెతికినా దొరకనిదాన్ని తనే వెతికి వాళ్ల చేతిలో పెట్టింది. సీసా ఉన్న ఇంటికే వీరేందర్ పోయాడు. నీలా బాలమ్మకు ఫోను కలిపింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

“బాలమ్మా, నీ కాడికి ఎవరన్న వచ్చిండ్రా?”

“కంపెనీ సారట, వచ్చిండమ్మా. గద్దె మీద కూసున్నడు. మంచిగనే మాట్లాడిండు. ఇప్పుడే ఫోన్ల ఏందో సదివిండు.” బాలమ్మ గొంతు తగ్గించాననుకుంది. తగ్గలేదు. “సదివినకాంచి నా పెట్టె దిక్కే సూస్తుండు.”

స్పీకరులోంచి అతని గొంతు దగ్గరగా వచ్చింది. “మేడం, థాంక్స్. గంత ఎతికినా మాకు దొరకలే. దవా అని రాస్తరని నాకేం తెల్సు? ఇగ రేపు కోర్టుల ఏం సూపెడ్తరు?”

నీలా నోట్లో అత్తరు వాసన చేరినట్టయింది. ఫోను స్పీకరులో ఉంది. తండా అంతా వింటుంది. ఎప్పుడూ విసుక్కునే ఆ సంగతి ఇప్పుడు ఆమెకు ఊపిరి పోసింది.

“బాలమ్మా, ఫోను పైకెత్తి పట్టుకో. మంగ్త్యా గ్రూపుల ఏం రాసిండో సదువుత. అందరు ఇనుండ్రి.” కోదాడలో ఆ వీధి వీధంతా వినేలా ఆమె గొంతెత్తింది. “నట్టల దవా తాపితే మావి ఏడు గొర్లు సచ్చినయ్. గిది ఎవ్వరు తాపకుండ్రి...”

ఒక్క మాట పోకుండా చెప్పింది. ‘ఒక్క సీస ఇయ్యలే, ఇంట్ల పెట్టిన’ దాకా వచ్చి, “సీసలు తీస్కపోయిన సారు ఎవరో కాదు. ఇప్పుడు నీ గద్దె మీద కూసున్నోడే,” అంది.

అవతల మేకలు కూడా అరవలేదు. తర్వాత గద్దె మీంచి ఎవరో దిగ్గున లేచిన చప్పుడు. “ఏయ్, ఫోను ఇటియ్యి!” అని వీరేందర్ అరుపు. ఇందాకటి ‘మేడం’ మర్యాద అందులో లేదు. పొద్దున వంత పాడిన ముసలాయన గొంతు తండా భాషలో ఏదో గట్టిగా అన్నది. నాలుగు దిక్కుల నుంచీ అడుగులు.

“బాలమ్మా!”

“ఉన్న బిడ్డా. పెట్టె మీద కూసున్న.” బాలమ్మ రొప్పుతోంది. “ఇంకోపారి సదువు. గట్టిగ. సేన్లకాడోళ్లు గూడ వస్తున్నరు.”

నీలా కళ్లు మూసుకుని మొదటి మాట నుంచి మళ్లీ మొదలుపెట్టింది.